జీపు బానెట్‌కి, వెనక తలుపుకి కరెంటు లాకు: ఎలా పెడితే ప్రమాదం ఉండదు?

మందసకోవా (మందస)
అందరికీ నమస్తే. నాది పాత కమాండర్ జీపు. తోట పనికి, పలాస మార్కెట్‌కి జీడిపిక్కలు దింపడానికి, అప్పుడప్పుడు ఇంటిల్లిపాదీ ఊరెళ్ళడానికి అదే బండి. బానెట్‌కి రెండు పక్కలా బయట క్లిప్పులుంటాయి కదా, దారిన పోయే ఎవడైనా లాగి లేపేయొచ్చు. మొన్న రాత్రి బ్యాటరీ ఎత్తుకుపోయారు. మా వీధిలో ఇది కొత్తేం కాదు.

అందుకని కరెంటు లాకు పెడదామనుకుంటున్నాను. బయటి క్లిప్పులు పీకేసి, లోపల రెండు వైపులా 12 వోల్టుల సోలినాయిడ్ లాకులు (కరెంటిస్తే నాలుక లోపలికి లాక్కునేవి) బిగిస్తాను. లాకర్లకి, బీరువాలకి పెడతారే, ఆ రకం. వెనక బాడీకి పైకి లేచే తలుపు చేయించాను, దానికీ అదే లాకు, అదే రిమోట్. నాలుగు బటన్ల రిమోట్, రిలే బోర్డు (రిలే అంటే కరెంటుతో పడే స్విచ్చి), లాకులు అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించేశాను. వైరింగ్ డయాగ్రమ్ ఎవరైనా గీసి పెడతారా?

కోటజంక్షన్ వైరింగ్ (విజయనగరం)
డయాగ్రమ్ తరవాత. ముందు ఆ క్లిప్పులు పీకొద్దు బాబూ.

జీపు బానెట్ ఎటు తెరుచుకుంటుందో చూడు. కీలు అద్దం వైపు, నోరు ముందు వైపు. నువ్వు హైవే మీద అరవైలో పోతున్నప్పుడు ముందు అంచు వేలెడు లేస్తే చాలు, గాలి కిందికి దూరి మిగతా పని తనే చేస్తుంది. బానెట్ తిరగబడి అద్దానికి కొట్టుకుంటుంది, ఎదర రోడ్డు కనపడదు, వెనకాల లారీ ఉంటుంది. ఇంటికి గొళ్ళెం పీకేసి కాలింగ్ బెల్ పెట్టుకున్నట్టుంది నీ ప్లాను.

సాలూరు బాడీబిల్డర్ (సాలూరు)
ఇంత ఆలోచన ఎందుకు? క్లిప్పు పట్టీకి కన్నం పెట్టి తాళంకప్ప వేసెయ్. అరగంట పని. లారీ బ్యాటరీ పెట్టెలకి మేం చేసేది అదే.

మందసకోవా
తాళంకప్ప ఆలోచించాను అన్నా. వానకి బిగుసుకుపోతుంది, పైగా ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్ పొంగితే రెండు తాళాలు తీస్తూ కూర్చోవాలి. తాళంచెవి ఇంట్లో మరిచిపోతే అంతే సంగతులు. ఇంకో మాట, నేను కొన్న సోలినాయిడ్‌కి కరెంటు లేకపోతే నాలుక బయటే ఉంటుంది, అంటే లాకు పడే ఉంటుంది. బ్యాటరీ డౌన్ అయినా తెరుచుకోదు. అది సేఫే కదా?

సిరిమాను (పుణె, సొంతూరు విజయనగరం)
సగం సేఫ్. కార్ల తలుపులకి, డిక్కీలకి లాకులు డిజైన్ చేయడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

మీ సోలినాయిడ్‌లో నాలుక అంటే ఒక ఇనుప కడ్డీ. దాన్ని బయటికి నెట్టి ఉంచేది సన్నటి స్ప్రింగు, అంతే. బీరువా కదలదు కాబట్టి అక్కడ సరిపోతుంది. జీపు గోతిలో పడినప్పుడు కుదుపు కడ్డీ పొడవున తగిలిందనుకోండి, కడ్డీ తన బరువుకి తనే లోపలికి జారుతుంది. స్ప్రింగు దాన్ని ఆపలేకపోతే, కరెంటుతో ఏ సంబంధమూ లేకుండానే లాకు ఊడుతుంది.

ఎప్పుడైనా కారు డిక్కీ తెరిచి లాకు దగ్గరగా చూడండి, స్క్రూడ్రైవరుతో నొక్కి ఆడించండి. తలుపు మూసినప్పుడు అవతలున్న కమ్మీ ఒక పంజాలోకి దూరుతుంది. పంజా తిరిగి కమ్మీని చుట్టేస్తుంది. ఇంకో చిన్న ముక్క వచ్చి, పంజా వెనక్కి తిరగకుండా అడ్డం నిలబడుతుంది. మీరు తలుపును ఎంత లాగినా ఆ బలమంతా ఇనుము మీద ఇనుము నొక్కుకోవడానికే పోతుంది, అడ్డుముక్క జారిపోయే వైపుకి పోదు. మోటారు ఉన్న లాకులో మోటారు చేసేది ఆ అడ్డుముక్కను పక్కకి జరపడం మాత్రమే. పట్టుకునే పని ఇనుముది, వదిలెయ్యమని చెప్పే పని కరెంటుది. ఈ రెండింటినీ కలిపేసిన లాకు కదిలే బండికి పనికిరాదు.

బానెట్‌కైతే ఇది కూడా చాలదు. అమెరికాలో ఎఫ్ఎంవీఎస్ఎస్ 113 అని ఒక నిబంధన ఉంది. ముందు వైపు నుంచి తెరుచుకునే బానెట్, లేచిందంటే డ్రైవరు చూపుకి అడ్డం పడేదైతే, దానికి రెండో పట్టు ఉండి తీరాలి. మన కార్లలో లోపల లివర్ లాగాక, ముందుకొచ్చి సందులో వేలు పెట్టి జరుపుతామే, ఆ కొక్కెం ఇదే. మీ జీపుకి ఆ పని చేస్తున్నవి మీరు పీకేద్దామనుకుంటున్న క్లిప్పులే.

రెండో కొక్కెం సరిగ్గా పడకపోతే పెద్ద కంపెనీలకీ తిప్పలే. టెస్లావి కరెంటు కార్లు, ముందు ఇంజను ఉండదు, బానెట్ కిందా డిక్కీయే. 2021 డిసెంబరులో ఆ కంపెనీ 1,19,009 మోడల్ ఎస్ కార్లను రీకాల్ చేసింది, ముందు డిక్కీ లాకు అమరికలో తేడా వల్ల రెండో పట్టు పడకపోవచ్చని. 2024లో 18 లక్షలకు పైగా కార్లకు మరో రీకాల్. బానెట్ తెరిచి ఉందన్న సంగతిని లాకులోని స్విచ్చి కనిపెట్టకపోవచ్చని. దాన్ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు.

కోటజంక్షన్ వైరింగ్
ఇలా చెప్పేవాళ్ళు మా షాపుకి రారేటి!

రాజాం కుర్రోడు (బీటెక్ మూడో ఏడు)
మావా, మేడమ్, లాకు సంగతి ఒప్పుకుంటాను. కంట్రోల్ మాత్రం రిలే, రిమోట్ అంటే మరీ పాతకాలం. ఈఎస్‌పీ 8266 అని వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు పెడదాం. ఫోన్‌లో యాప్, వేలిముద్ర సెన్సారు, జీపీఎస్ నుంచి వేగం తీసుకుని సున్నా అయితేనే తెరుచుకునేలా నాలుగు లైన్ల కోడ్. మా ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్నాం. మందస అన్నయ్యా, మీ జీపు మీదే చేసిపెడతాం, పైసా వద్దు.

కోటజంక్షన్ వైరింగ్
చెయ్యి తమ్ముడూ, కాదనను. కానీ ఒకసారి పాత డీజిల్ బండికి మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టి చూడు. 12 ఉన్నది ఏడెనిమిదికి పడిపోతుంది, బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంకా కిందికి. ఆ క్షణంలో నీ బోర్డు చచ్చి మళ్ళీ బతుకుతుంది. బతికేటప్పుడు దాని పిన్నులు ఏం చేస్తున్నాయో నీ కోడ్‌కి తెలీదు, కోడ్ ఇంకా మొదలే కాలేదు కాబట్టి. నువ్వన్న బోర్డులోనే కొన్ని పిన్నులు ఆన్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం హై అవుతాయి. రిలే ఆ పిన్నుకి తగిలించావో, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లాకు టక్కుమంటుంది.

అప్పుడు బండి ఆగే ఉంటుంది కదా అంటావేమో. టెర్మినల్ లూజయిందనుకో, పలాస నుంచి టెక్కలి వచ్చేలోపు గతుకు గతుక్కీ రీసెట్టే.

సిరిమాను
మావయ్య గారు కింది వోల్టేజి చెప్పారు, నేను పై వోల్టేజి చెప్తాను. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడితే ఆల్టర్నేటర్ నుంచి ఒక్కసారిగా పెద్ద పోటు వస్తుంది. ఆ పోటును అణిచే భాగం ఆల్టర్నేటర్‌లో లేదనుకుని చేసే పరీక్షలో, ఐఎస్ఓ 16750-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 12 వోల్టుల బండి సామాను మీద 79 నుంచి 101 వోల్టుల వరకు కొట్టి చూస్తారు. మొబైల్ చార్జరు విప్పి తీసిన ముక్కతో బోర్డుకి కరెంటిస్తే అది ఆ దెబ్బకి మిగలదు.

జీపీఎస్ గురించి ఒక్కటే ప్రశ్న. సిగ్నల్ లేనప్పుడు వేగం ఎంత? వచ్చిన విలువ చెల్లుతుందో లేదో చూడకుండా వాడితే సున్నా అని రావచ్చు. చెట్ల కింద ఘాట్ దిగుతున్న జీపు, మీ ప్రోగ్రాం లెక్కలో ఆగి ఉన్నట్టు. "తెలీదు" అన్నదాన్ని "సున్నా" అనుకునే ప్రోగ్రాం లాకు జోలికి రాకూడదు.

రాజాం కుర్రోడు
సరే సరే, టెన్షన్ పెట్టకండి. రెసిస్టరుతో పిన్నులు కిందికి లాగి, సర్జ్ తట్టుకునే డయోడు పెట్టి, వోల్టేజి పడితే బోర్డు తనంతట తను ఆగేలా చేస్తే?

సిరిమాను
అవన్నీ చేయాల్సినవే. అన్నీ చేశాక కూడా, బోర్డుకి పిచ్చెక్కి "తెరువు, తెరువు" అని అరుస్తున్నా పోతున్న బండిలో లాకు కదలకుండా ఉండే వైరింగ్ ముందు గీయండి. దాని మీద మీ యాప్, వేలిముద్ర ఏవైనా పెట్టుకోండి. మా దగ్గర డిజైన్ రివ్యూలో అడిగే మొదటి మాట ఇదే: ఏదో ఒక్క భాగం చెడిపోతే చాలు తెరుచుకుంటుందా? తెరుచుకుంటుంది అంటే ఆ డ్రాయింగు వెనక్కి వెళ్ళిపోతుంది.

కోటజంక్షన్ వైరింగ్
ఇదిగో మందస బాబూ, నీ డయాగ్రమ్ మాటల్లో రాస్తున్నాను, కాగితం మీద నువ్వే గీసుకో.

సోలినాయిడ్లు పక్కన పడెయ్. పాత సామాన్ల షాపులో ఏదైనా కారు డిక్కీ లాకు, మోటారు ఉన్నది, పంజా అరగనిది చూసి తెచ్చుకో. కేబుల్ తగిలించుకునే చెవి కూడా ఉండాలి, అది మరిచిపోకు, దాంతో తరవాత పనుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు. చాలామంది ఫ్యూజు తీసుకెళ్ళి డాష్‌బోర్డు కింద పెడతారు, దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ఇక ఆ ఫ్యూజు ఉన్నా లేనట్టే. ఫ్యూజు దాటాక ఒక రిలే. దీని కాయిల్‌కి తాళంచెవి ఆన్ చేస్తే వచ్చే కరెంటు ఇవ్వు, మోటారు లైను మాత్రం మామూలుగా కలిసి ఉండే కాంటాక్టులోంచి పంపు. అంటే చెవి ఆన్ చేయగానే రిలే లాగి లాకు లైనును తెంపేస్తుంది. అక్కడి నుంచి రిమోట్ బోర్డు రిలే, అక్కడి నుంచి మోటారు. మోటారు రెండో కాలు నేరుగా ఎర్త్‌కి కలపొద్దు. అక్కడ ఇంకో రిలే పెట్టు, అది హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంటేనే కలవాలి. హ్యాండ్‌బ్రేక్ స్విచ్చి చిన్న బల్బు కోసం చేసింది, మోటారు కరెంటు దానిలోంచి పంపితే మాడిపోతుంది, అందుకే రిలే. నీ జీపుకి ఆ స్విచ్చి లేకపోతే లివర్ దగ్గర చిన్న మైక్రోస్విచ్చి బిగించు.

ప్రతి రిలే కాయిల్ మీదా ఒక 1ఎన్4007 డయోడు, వెండి గీత ప్లస్ వైపు. రిమోట్ బోర్డును బటన్ నొక్కినంతసేపు ఆన్ ఉండేలా కాదు, అర సెకను కొట్టి ఆగిపోయేలా సెట్ చెయ్. లేకపోతే జేబులో బటన్ నొక్కుకుపోయి మోటారు కాలుతుంది.

సిరిమాను
చాలా బాగుంది. ఒక్క చోట ఆగుతాను. చెవి రిలే కాయిల్ వైరు తెగిపోతే బండి నడుస్తున్నప్పుడు కూడా లాకు లైనులో కరెంటు ఉంటుంది. అప్పుడు కూడా హ్యాండ్‌బ్రేక్ రిలే ఆపుతుంది, కాబట్టి బానెట్ తెరుచుకోదు. కానీ ఆ చెడిన సంగతి మీకు తెలీదు కదా. తెలియకుండా రోజులు గడిస్తే, రెండోది ఎప్పుడో చెడిన రోజున లాకు తెరుచుకోవచ్చు. చెవి రిలే తరవాతి లైను నుంచి డాష్‌బోర్డు మీదికి ఒక ఎర్ర ఎల్ఈడీ తీసుకోండి. చెవి ఆన్ చేయగానే అది ఆరిపోవాలి. ఆరకపోతే షాపుకి వెళ్ళాలి.

కోటజంక్షన్ వైరింగ్
ఇది నాకు తట్టలేదమ్మా. ఒక్క మాట, చెవి తీశాక రాత్రంతా ఎల్ఈడీ వెలుగుతూ ఉంటుంది. కాస్త కరెంటే గానీ బండి వారాల తరబడి కదలకపోతే లెక్కే. మోటారుసైకిళ్ళ ఇండికేటర్ కోసం అమ్మే చిన్న బటన్ ఒకటి మధ్యలో పెట్టి, చూడాలనుకున్నప్పుడే నొక్కుకోవచ్చు.

సిరిమాను
నొక్కడం మరిచిపోతారు మావయ్య గారూ. వెలగనివ్వండి. నాలుగైదు మిల్లీ ఆంపియర్లకి మించకుండా రెసిస్టరు పెడితే సరి.

సాలూరు బాడీబిల్డర్
వైర్లు బానే ఉన్నాయి, రేకు సంగతి ఎవరూ అడగలేదు. బానెట్ రేకు పల్చన, కమ్మీ నేరుగా దానికి వెల్డింగ్ కొడితే అదురుకి పగిలి ఊడొస్తుంది. లోపల 3 మిల్లీమీటర్ల ప్లేటు వేసి, బోల్టు తలలు లోపలికి వచ్చేలా బిగించాలి. రేడియేటర్ పైనున్న పట్టీకి లాకు. ఇంకోటి, ముందు మధ్యలో ఒక్క లాకే పెడితే దొంగ క్లిప్పులు లేపి మూల పట్టుకుని వంచుతాడు, చెయ్యి దూరిపోతుంది. బ్యాటరీ మీది పట్టీకి మామూలు స్పానరు పట్టని నట్టు వేసెయ్. వాడికి కావాల్సింది బ్యాటరీ, బానెట్ కాదు కదా.

క్లిప్పులు పీకితే ఎఫ్‌సీలో (బండి ఫిట్‌నెస్ పరీక్షలో) కూడా పేచీ వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చింది మార్చకూడదని. పైన అదనంగా లాకు పెట్టుకోవడం వేరు, ఉన్నది పీకడం వేరు.

మందసకోవా
క్లిప్పులు పీకను, ఒప్పేసుకున్నాను. అవి పట్టుకుంటాయి, కరెంటు లాకు దొంగకి అడ్డం. అది చెడినా బానెట్ లేవదు. ఇంతేనా?

సిరిమాను
బానెట్ వరకు అంతే.

టీచరమ్మ (చీపురుపల్లి)
బానెట్ సంగతి మూడు పేజీలు నడిచింది, వెనక తలుపు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మందస తమ్ముడూ, వెనక బాడీలో బెంచీలున్నాయా? పిల్లలు కూర్చుంటారా? తలుపు బయటి నుంచి రిమోట్‌తోనే తెరుచుకుంటే, రిమోట్ మీ జేబులో ఉండి పిల్లలు లోపలుంటే ఏం చేస్తారు?

2025 మే నెలలో విజయనగరం పక్కన ద్వారపూడిలో ఆగి ఉన్న కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక ఊపిరాడక చనిపోయారు. మా బడిలో ఆ వారమంతా ఇదే మాట. మీరందరూ "తెరుచుకోకూడదు, తెరుచుకోకూడదు" అంటుంటే నాకు భయం వేస్తోంది.

మందసకోవా
బెంచీలున్నాయి టీచరు గారూ. మా అన్నయ్య పిల్లలు, మా పాప అక్కడే కూర్చుంటారు. తలుపుకి లోపల పిడి పెట్టించలేదు. బాడీ చేసినవాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సిరిమాను
టీచరు గారు అసలు విషయం పట్టుకున్నారు. బానెట్, డిక్కీ రెండూ ఒకే రకం లాకుతో మూసుకున్నా వాటితో వచ్చే ప్రమాదాలు ఎదురెదురు. బానెట్‌తో భయం, తెరుచుకోకూడని వేళ తెరుచుకోవడం. మనిషి పట్టే డిక్కీతో అంతకంటే పెద్ద భయం, తెరుచుకోవాల్సిన వేళ తెరుచుకోకపోవడం. కాబట్టి ఒకే రిలే బోర్డు మీద రెండింటినీ ఒకేలా కట్టేయకూడదు. బానెట్‌కి మావయ్య గారు గీసిన అడ్డంకులన్నీ వెనక తలుపు లోపలి పిడికి పెడితే అవే ప్రాణం తీస్తాయి.

దీని వెనక చరిత్ర ఉంది. 1998 వేసవిలో అమెరికాలో మూడు వేర్వేరు సంఘటనల్లో 11 మంది పిల్లలు కారు డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. ఆ తరవాత ఎఫ్ఎంవీఎస్ఎస్ 401 వచ్చింది. 2001 సెప్టెంబరు 1 నుంచి తయారైన కార్లలో, విడిగా డిక్కీ ఉన్నవాటికి, లోపలి నుంచి తెరిచే పిడి తప్పనిసరి. చీకట్లో మెరిసే చిన్న పిడి ఫొటోల్లో చూసే ఉంటారు, డిక్కీలోంచి పారిపోతున్న మనిషి బొమ్మ ఉంటుంది దాని మీద. మన దేశంలోనూ 2019 జులై నుంచి కొత్త కార్లలో సెంట్రల్ లాకింగ్‌ని చేత్తో తప్పించే ఏర్పాటు తప్పనిసరి చేశారు, కరెంటు పోయినా తలుపు తెరుచుకోవడానికి.

ఆ 401లోనే నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. డిక్కీ ముందు వైపు ఉన్న కార్ల సంగతి ఏమిటి? అక్కడ డిక్కీ మూతే బానెట్. లోపల మనిషి ఉంటే తెరుచుకోవాలి, బండి పోతుంటే తెరుచుకోకూడదు. నిబంధన ఏం చెప్తుందంటే, బండి ఆగి ఉంటే లోపలి పిడి లాగగానే అన్ని పట్లూ వదలాలి. గంటకి 5 కిలోమీటర్లు, ఆపైన పోతుంటే మొదటి పట్టు వదలాలి, రెండోది మాత్రం వదలకూడదు. లోపలున్నవాడికి గాలి, వెలుతురు వస్తాయి, మూత డ్రైవరు ముఖం మీదికి రాదు.

రాజాం కుర్రోడు
మేడమ్, ఇదే మా ప్రాజెక్టు టాపిక్. ఫిక్స్.

సాలూరు బాడీబిల్డర్
లోపల పిడి పెడితే పిల్లలు పోతున్న బండిలో ఆడుకుంటూ లాగేస్తారు. రోడ్డు మీద పడిపోతే? దానికి మాత్రం చెవి ఆన్‌లో ఉంటే పనిచేయకుండా చేస్తే మంచిది కదా.

టీచరమ్మ
చెవి ఆన్‌లో ఉండి బండి బోల్తా పడితే?

సాలూరు బాడీబిల్డర్
ఆ మాటా నిజమే.

సిరిమాను
పిడికి కరెంటు అడ్డం వద్దు. చేతి కదలికను రెండు మెట్లు చేయండి. ముందు ఒక రేకు మూత పైకి లేపాలి, తరవాత పిడి లాగాలి. పొరపాటున మోచెయ్యి తగిలి తెరుచుకోదు, కానీ అయిదారేళ్ళ పిల్ల చూసి నేర్చుకోగలదు. పిడి నుంచి లాకుకి నేరుగా కేబుల్, సైకిల్ బ్రేకు తీగ లాంటిదే. ఎత్తు ముఖ్యం, బెంచీ మీద కూర్చున్న పిల్లకి అందాలి, నేల మీద పడి ఉన్నవాళ్ళకీ అందాలి. చీకట్లో మెరిసే స్టిక్కరు అంటించండి. స్ప్రింగు బిగువు మీకు తేలిగ్గా ఉండొచ్చు, పిల్ల చేతికి లాగించి చూడండి.

తలుపు పూర్తిగా పడలేదని డ్రైవరుకి చెప్పే బజరు కూడా కావాలి. పంజా లాకుల్లో సగం పట్టు, పూర్తి పట్టు అని రెండుంటాయి. తలుపు మెల్లగా వేస్తే సగంలో ఆగుతుంది, చూడ్డానికి మూసినట్టే ఉంటుంది. స్విచ్చి పూర్తి పట్టు పడినప్పుడే మారేలా ఉండాలి. సగం పట్టుకే మారే స్విచ్చి బజరును ఆపేసి మిమ్మల్ని మోసం చేస్తుంది.

బారువబీచ్ (సోంపేట వైపు)
ఆలస్యంగా వచ్చాను. బ్యాటరీ డౌన్ అయితే ఏంటన్నది తేల్చారా? మా బావ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, డిక్కీకి కరెంటు లాకు మాత్రమే. పెళ్ళికని విశాఖ వెళ్ళి, బండి వారం ఇంటి దగ్గర పెట్టేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. బ్యాటరీ కావాలంటే డిక్కీ తెరవాలి, డిక్కీ తెరవాలంటే బ్యాటరీ కావాలి. చివరికి వెనక సీటు మడిచి మా మేనల్లుణ్ణి లోపలికి పంపించారు. మందస జీపుకీ ఇదే వస్తుంది, బ్యాటరీ బానెట్ కిందే కదా.

రాజాం కుర్రోడు
లాకు మోటారుకి రెండు వైర్లు బయటికి తెచ్చి దాచిపెడితే? బయటి బ్యాటరీ తగిలిస్తే తెరుచుకుంటుంది.

కోటజంక్షన్ వైరింగ్
దొంగ కూడా చిన్న బ్యాటరీ జేబులో వేసుకునే వస్తాడు తమ్ముడూ.

సిరిమాను
టెస్లా మోడల్ 3లో అచ్చంగా ఇలాగే ఉంది. ముందు బంపరులో లాగుడు కొక్కెం మూత వెనక రెండు వైర్లు ఉంటాయి, బయటి నుంచి 12 వోల్టులు ఇస్తే ముందు మూత తెరుచుకుంటుంది. కిటుకు ఏమిటంటే, కారులో బ్యాటరీ బతికున్నప్పుడు, కారు లాక్ చేసి ఉన్నప్పుడు ఆ దారి పనిచేయదు. అంత తెలివి మనం రిలేలతో తేలేం. మందస గారికి తేలిక దారి, మావయ్య గారు ముందే చెప్పిన కేబుల్ చెవి. బానెట్ లాకు నుంచి కేబుల్ లోపలికి తెచ్చి, తాళం వేసుకునే చిన్న డబ్బాలో దాని చివర పెట్టుకోండి.

కోటజంక్షన్ వైరింగ్
అదే పనుందన్నది. ఇంజను గోడలోంచి కేబుల్ తెచ్చే చోట రబ్బరు వాషరు వెయ్యి, లేకపోతే అంచుకి కోసుకుపోతుంది. కేబుల్ సైలెన్సర్ పైపు పక్కనుంచి పోకూడదు.

బారువబీచ్
సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఇంకోటి. మా వైపు కనెక్టరు ఏదైనా తొందరగా పచ్చ పడుతుంది. ప్రతి కనెక్టరులో గ్రీజు, ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి బిగించి పైన మళ్ళీ పెయింటు. లాకు కింద నీళ్ళు నిలవకుండా కన్నం. కేబుల్ కూడా నెలకోసారి లాగి చూడాలి, వాడకపోతే లోపల తుప్పు పట్టి అవసరమైన రోజున కదలదు. మందస కూడా సముద్రానికి మరీ దూరమేం కాదు.

కోటజంక్షన్ వైరింగ్
రిమోట్ మాట ఒకటి మిగిలింది. నువ్వు కొన్న నాలుగు బటన్ల రకం ఎప్పుడూ ఒకటే కోడ్ పంపిస్తుంది. గేటు రిమోట్లు కాపీ చేసే డూప్లికేట్ రిమోట్ దగ్గర పెట్టి ఒక్కసారి నొక్కితే నేర్చేసుకుంటుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకం, రోలింగ్ కోడ్ అని అడిగి తీసుకో. ధర ఎక్కువే. బ్యాటరీ ధర ముందు ఎక్కువ కాదు.

మందసకోవా
అందరికీ అప్‌డేట్. పని అయింది.

బానెట్ క్లిప్పులు అలాగే ఉన్నాయి. లోపల పాత కారు డిక్కీ లాకు, సాలూరు అన్న చెప్పినట్టు ప్లేటు వేసి బిగించాం. వైరింగ్ మావ గీసినట్టే, ఎర్ర ఎల్ఈడీ వెలుగుతూనే ఉంది, చెవి తిప్పగానే ఆరిపోతోంది. చెవి ఆన్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, రిమోట్ నొక్కి చూశాను, లాకు ఉలకలేదు పలకలేదు. చెవి రిలే పీకేసి, లైను చిన్న వైరుతో కలిపి మళ్ళీ చూశాను, హ్యాండ్‌బ్రేక్ రిలే ఒక్కటే ఆపింది.

వెనక తలుపుకి రిమోట్ తీసేశాను. బయట మామూలు తాళంచెవి పిడి, లోపల రేకు మూత కింద కేబుల్ పిడి. మొదట పెట్టిన స్ప్రింగు పాపకి బరువైంది, రెండు చేతులతో వేలాడినా రాలేదు. పిడి పొడవు పెంచి, స్ప్రింగు మార్చించాక ఒంటి చేత్తో తీసింది. ఇప్పుడు రోజూ తీస్తోంది, ఆటైపోయింది, అది వేరే తలనొప్పి. బజరు ఉంది కాబట్టి నాకు తెలిసిపోతోంది.

టీచరమ్మ
కొత్త మోజు తీరాక మానేస్తుందిలే. పక్కింటి పిల్లలకి కూడా చూపించండి.

కోటజంక్షన్ వైరింగ్
ఫొటోలు పెట్టు బాబూ. కేబుల్ డబ్బా ఎక్కడ పెట్టావో మాత్రం పెట్టకు, ఇది అందరూ చదివే చోటు.

రాజాం కుర్రోడు
మేడమ్, 5 కిలోమీటర్ల వేగం జీపీఎస్ లేకుండా ఎలా కనిపెట్టాలి? చక్రం దగ్గర సెన్సారు పెడదామనుకుంటున్నాం.

సిరిమాను
చక్రం సెన్సారు మంచిదే. అయితే వైరు తెగితే పల్సులు రావు, పల్సులు లేకపోతే ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. మళ్ళీ అదే సున్నా గొడవ. వైరు తెగిందని విడిగా తెలిసే రకం సెన్సారు వాడండి, లేదా రెండు చక్రాల నుంచి తీసుకుని పోల్చండి. డ్రాయింగు గీశాక కొత్త థ్రెడ్ వేసి నాకు ట్యాగ్ చేయండి, ఆదివారం చూస్తాను.